పచ్చి పలకకు అంచున మేకు

చెట్టు కొట్టేశాక కూడా కర్ర కదులుతూనే ఉంటుంది. దుంగను పలకలుగా కోసి, గోడకు బిగించి, రంగు వేసిన తర్వాత కూడా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఇది తెలియనివాడు తప్పు చేస్తే తెలియక చేశాడని సరిపెట్టుకోవచ్చు. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పలకలు అమ్మినాయన చెప్పాడు, నాన్నగారు చెప్పారు. అయినా ఆ కర్రను కదలకుండా కట్టిపడేయాలని చూశాను. నార్త్ కరొలైనాలో మా ఇంటి వెనక షెడ్డుకు నిలువు చెక్కల గోడ వేసినప్పటి మాట ఇది. ఆ గోడను తర్వాత ఊడదీసి మళ్ళీ కట్టాను, ఇప్పుడది బాగానే ఉంది. బాగుపడింది కదా అని ఊరుకోవచ్చు. కానీ ఆ గోడ ఎందుకు చీలిందో వెతుక్కుంటూ పోతే, అప్పట్లో నేనెలాంటి కొడుకునో కూడా తేలింది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడి ఇళ్ళలో చాలావాటికి బయటి గోడ మీద చెక్కనో, చెక్కను పోలిన ప్లాస్టిక్‌నో అడ్డంగా, ఒక వరస మీదికి ఇంకో వరస వచ్చేట్టు వేస్తారు. దాన్ని సైడింగ్ అంటారు. నిలువుగా వేసే పద్ధతి వేరే ఉంది. వెడల్పాటి పలకలను పక్కపక్కన నిలబెట్టి, పలకకూ పలకకూ మధ్య సందు మీద సన్నటి బద్ద కొడతారు. బోర్డ్ అండ్ బాటెన్ అని దాని పేరు. పాత పశువుల కొట్టాలు, పల్లెటూరి చర్చిలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. గ్రాంట్ వుడ్ 1930లో వేసిన 'అమెరికన్ గోతిక్' చిత్రం చాలామంది చూసే ఉంటారు. పంగలకర్ర పట్టుకుని నిలబడ్డ ముసలాయన, పక్కన ఒకామె, ఇద్దరి వెనకా ఒక తెల్లటి ఇల్లు. అయొవా రాష్ట్రంలో ఎల్డన్ అనే ఊళ్ళో 1880ల మొదట్లో కట్టిన ఇల్లు అది. ఇప్పటికీ ఉంది. దాని గోడలు నిలువు పలకలవే. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ చిత్రం ముందు నిలబడి, మనుషుల ముఖాలకన్నా వెనకున్న ఆ నిలువు గీతలనే ఎక్కువసేపు చూశాను.

ఆ గీతల వెనక ఒక ఆలోచన కూడా ఉంది. ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ అనే ఆయన పల్లెటూరి ఇళ్ళ నిర్మాణం మీద 1850లో ఒక పుస్తకం అచ్చువేశాడు. చెక్క ఇంటికి నిలువు పలకలే తగినవని అందులో వాదించాడు. ఇంటిని మోసే ముఖ్యమైన కర్రలన్నీ నిలువుగా ఉంటాయి గనక, పైన కప్పే పలకలూ నిలువుగా ఉంటే ఇంటి లోపలి బలం బయటికి ఉన్నదున్నట్టు కనిపిస్తుందని ఆయన ఉద్దేశం. ఆ మాట నాకు చాలా నచ్చింది. నేను కట్టబోయేది తోట పనిముట్లు, పిల్లల సైకిళ్ళు పెట్టుకునే షెడ్డే అయినా, ఉన్నదున్నట్టు కనిపించేలా కట్టాలనిపించింది. పొరపాటు అక్కడే మొదలైంది. గీత అందంగా ఉందని చూశాను గానీ ఆ గీత అక్కడెందుకు పుట్టిందో ఆలోచించలేదు. బద్ద అలంకారం కోసం వేసిందనుకున్నాను.

పలకలు ఊరి బయట ఒక చిన్న సామిల్లులో కొన్నాను. మా ప్రాంతంలో విరివిగా పెరిగే లాబ్లాలీ పైన్ కర్ర. మందం ఒక అంగుళం, వెడల్పు పది. పెద్ద దుకాణాల్లో పది అంగుళాల పలక అని అమ్మేది టేపు పెట్టి కొలిస్తే తొమ్మిదింపావే ఉంటుంది. ముందే ఆరబెట్టి చిత్రిక పట్టి ఉంటుంది కాబట్టి అంత తగ్గుతుంది, ధరేమో ఎక్కువ. ఇక్కడ నిండుగా పది అంగుళాలు, తక్కువ ధరకు. "మొన్ననే కోసినవి, పచ్చివి" అన్నాడు మిల్లు ఆయన. "గాలాడేట్టు పేర్చుకుని ఆరాక వాడుకో. లేదంటే కుంచించుకోవడానికి చోటిచ్చి కొట్టుకో." మొదటి మాటను తాజా కూరగాయల గురించి చెప్పినట్టు విన్నాను. మొన్ననే కోసినవంటే మంచివే కదా అనుకున్నాను. తర్వాతి మాటలు చెవిన పడినా లోపలికి వెళ్ళలేదు.

అప్పుడు నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు మన ఇళ్ళలో చేసే పనేమీ ఉండదు. పొద్దున అందరం మన పనుల మీద వెళ్ళిపోతే వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుంటారు. అందుకే ట్రక్కులోంచి పలకలు దించుతుంటే ఆయన ఉత్సాహంగా బయటికి వచ్చారు. ఒక పలక మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు. అంచున గోటితో నొక్కి చూశారు.

"ఒరేయ్, ఇది ఇంకా చెమ్మగానే ఉందిరా. మధ్యమధ్యలో కర్రముక్కలు పెట్టి నీడన పేర్చు. కొన్నాళ్ళు ఆరనీ" అన్నారు.

"మీకు తెలీదు నాన్నగారూ. ఇది మన దగ్గరి కర్ర కాదు. ఇక్కడి పద్ధతి వేరు" అన్నాను.

ఆయన మరి మాట్లాడలేదు. సాయంత్రం దాకా నా పక్కనే నిలబడి మేకులు అందించారు.

నాన్నగారు వడ్రంగి కాదు. నీటిపారుదల శాఖలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. కానీ రాజమండ్రిలో పుట్టి పెరిగినవాళ్ళకు కర్ర కొత్త కాదు. ఏజెన్సీ అడవుల్లో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీద దించుకున్న ఊరది. మా వీధి చివర కలప అడితి ఉండేది. మా ఇంటి వీధి తలుపు ఏటా శ్రావణంలో బిగుసుకుపోయేది, భుజం ఆనించి తోస్తేగానీ తెరుచుకునేది కాదు. అమ్మ విసిగిపోయి, వడ్రంగిని పిలిపించి అంచు చిత్రిక పట్టించమనేది. నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. "ఇప్పుడు చెక్కిస్తే వేసవిలో సందులోంచి వీధి కనిపిస్తుంది. కార్తీకం రానీ, అదే వదులవుతుంది" అనేవారు. ఆయన అన్నట్టే వదులయ్యేది.

ఆ తలుపు కట్టిన తీరులోనే అంతా ఉంది. అందులో పలకలను చట్రానికి అతికించరు, మేకులూ కొట్టరు. చట్రం లోపల తీసిన గాడిలో పలక అంచు కూర్చుంటుంది. ఉబ్బితే గాడి లోపలికి జరుగుతుంది, కుంచించుకుంటే బయటికి వస్తుంది. ఎండాకాలం మా తలుపు పలకల అంచున రంగు తగలని సన్నటి చార బయటపడేది. వానాకాలం రాగానే అది మళ్ళీ గాడిలోకి వెళ్ళిపోయేది. ఆ చారను రోజూ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. కర్ర కదులుతుందనీ, కదలడానికి తావు ఇవ్వాలనీ అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

నేను చేసింది దానికి పూర్తిగా విరుద్ధం. పలకలను అంచుకు అంచు ఆనించి, సందు లేకుండా నిలబెట్టాను. ప్రతి పలకకూ రెండు అంచుల వెంబడీ మేకులు దించాను, చాలదేమోనని నడుమ కూడా కొట్టాను. పలకలు కలిసిన చోట రెండున్నర అంగుళాల బద్ద పెట్టి, ఒక వరస మేకులు ఎడమ పలకలోకి, ఇంకో వరస కుడి పలకలోకి దింపాను. మేకులు ఎక్కువైన కొద్దీ గోడ గట్టిపడుతుందని నమ్మాను. ఆ పచ్చి కర్ర మీదే రంగు వేశాను. అరచేత్తో తోసి చూస్తే గోడ ఇసుమంతైనా కదల్లేదు. పొంగిపోయి, ఫోటోలు తీసి ఊళ్ళో బంధువులందరికీ పంపించాను.

ఆకులు రాలే కాలానికి గాలి పొడిబారింది. ముందు రంగు పొక్కులు లేచి ఊడింది. తర్వాత పలకలు నడుమ నిలువునా చీలాయి. కొన్ని అడ్డంగా వంపు తిరిగి, మేకులను వెంట లాక్కుని ముందుకు వచ్చాయి. బద్దలు కూడా మధ్యకు చీలాయి. ఎడమ పలక వాటిని ఎడమకు లాగింది, కుడి పలక కుడికి లాగింది.

దీనికి లెక్క ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ నగరంలో ఫారెస్ట్ ప్రోడక్ట్స్ లేబొరేటరీ అనే ప్రభుత్వ సంస్థ 1910 నుంచి కర్ర గుణాలను పరీక్షిస్తోంది. అది ప్రచురించే 'వుడ్ హ్యాండ్‌బుక్' మొదట 1935లో వచ్చింది. ఏ కర్ర ఎంత కుంచించుకుంటుందో పట్టికలు అందులో ఉన్నాయి. కర్ర పొడవులో మార్పు లెక్కపెట్టాల్సినంత ఉండదు, మార్పంతా అడ్డంలోనే. పచ్చి కర్రలో ముందు కణాల బోలు భాగంలోని నీరు పోతుంది, అప్పటికి కొలత మారదు. తేమ 30 శాతానికి దరిదాపుల్లోకి దిగాక కణాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కుంచించుకోవడం అక్కడి నుంచే. లాబ్లాలీ పైన్ పూర్తిగా ఎండితే చెట్టు వలయాల వెంబడి 7.4 శాతం, వలయాలకు అడ్డంగా 4.8 శాతం తగ్గుతుంది. ఇళ్ళ బయట వాడటానికి అందరూ ఇష్టపడే వెస్టర్న్ రెడ్ సెడార్ అయితే 5 శాతం, 2.4 శాతమే. ఆరుబయట ఏ కర్రా పూర్తిగా ఎండదు, మా వైపు 12 శాతం తేమ దగ్గర కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. ఆ లెక్కన నా పది అంగుళాల పలక ఒక్కొక్కటీ వెడల్పులో దాదాపు 0.4 అంగుళం తగ్గాలి. రెండు అంచులనూ నేను మేకులతో పట్టి ఉంచాను. తగ్గడానికి దానికి దారి లేదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలింది.

మిల్లు ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన నన్ను తన పాత కొట్టం దగ్గరికి తీసుకెళ్ళి గోడ చూపించాడు. పలకకు నడుమ మాత్రమే మేకులున్నాయి, అంచుల్లో ఒక్కటీ లేదు. బద్ద మేకులు పలకలను తాకకుండా, రెండు పలకల మధ్య సందులోంచి నేరుగా వెనకున్న కర్రలోకి దిగాయి. బద్ద రెండు పలకల అంచుల మీద ఆనుకుని ఉంది, దేన్నీ పట్టుకుని లేదు. దాని కింద పలకలు వాటి ఇష్టం వచ్చినట్టు ఉబ్బొచ్చు, తగ్గొచ్చు. పాత రోజుల్లో రైతులు పచ్చి పలకలతోనే కొట్టాలు కట్టుకున్నారు. కర్ర ఆరి సందులు తెరుచుకుంటాయని వాళ్ళకు తెలుసు, ఆ సందులను కప్పడానికే బద్ద వేశారు. నేను అందమనుకున్న గీత, కర్ర కదలిక తెలిసినవాళ్ళు చేసుకున్న ఏర్పాటు. మా రాజమండ్రి తలుపులో గాడి చేసే పనే ఇక్కడ బద్ద చేస్తోంది. ఆ కొట్టం ముందు నిలబడ్డప్పుడు నాకు నాన్నగారి అరచెయ్యి గుర్తొచ్చింది. సిగ్గేసింది.

తప్పులు ఇంకా ఉన్నాయి. పలకల అడుగుభాగాన్ని నేలకు ఆనించాను. కర్ర నీటిని అన్ని వైపుల కన్నా కోసిన కొస నుంచే వేగంగా పీల్చుకుంటుంది. నిలువు పలక కొస కిందికే ఉంటుంది కాబట్టి, నిలువు గోడకు కాళ్ళ దగ్గరే ప్రమాదం. ఈ పాఠం మనుషులు నేర్చుకుని ఎన్నో శతాబ్దాలైంది. నార్వేలో మొదట చర్చి స్తంభాలను భూమిలో పాతి కట్టేవారు, అవి మొదళ్ళ దగ్గర కుళ్ళిపోయేవి. తర్వాత రాళ్ళ మీద అడ్డదూలాలు పరిచి, వాటి మీద స్తంభాలనూ నిలువు పలకలనూ నిలబెట్టడం నేర్చుకున్నారు. అలా 12వ శతాబ్దంలో కట్టిన ఉర్నెస్ చర్చి నేటికీ నిలిచి ఉంది. యునెస్కో దాన్ని 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత వానా మంచూ కురిసే దేశంలో చెక్క గోడ దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు నిలబడిందంటే, కట్టినవాళ్ళు దాని కాళ్ళను తడి నుంచి పైకి ఎత్తి పెట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. నేనేమో మట్టిలో నిలబెట్టాను.

వెనక ఆధారం విషయంలోనూ అంతే. ఇక్కడి గోడల లోపలి చట్రంలో నిలువు కర్రలు 16 అంగుళాలకొకటి ఉంటాయి. అడ్డ సైడింగుకు అది చాలు. నిలువు పలకలకు మేకు దిగాలంటే వెనక అడ్డకర్రలు కావాలి, సుమారు 24 అంగుళాలకొకటి. నేను అవేమీ వేయకుండా, చెక్క పేళ్ళు అతికించి చేసిన సన్నటి ఓఎస్‌బి షీటులోకే మేకులు కొట్టాను. మేకు కనీసం అంగుళంపావు గట్టి కర్రలోకి దిగితేనే పట్టు ఉంటుంది. పలక వంపు తిరిగినప్పుడు ఆ మేకులు సులువుగా ఊడి వచ్చాయి. పైగా అవి మామూలు ఇనుప మేకులు, ఒక్కో తల కింద తుప్పు చార కారింది.

గోడ మొత్తం ఊడదీశాను. చీలని పలకలను వేరుచేసి, నాన్నగారు చెప్పినట్టు మధ్యమధ్యలో కర్రముక్కలు పెట్టి నీడన పేర్చాను. చలికాలమంతా అలాగే ఉంచి, తేమ కొలిచే మీటరు పెట్టి చూసి, ఆరాయని తేలాకే ముట్టుకున్నాను. పలకల ముందూ వెనకా, అంచులకూ కొసలకూ ముందే ప్రైమర్ వేశాను. గోడ మీద వాననీరు ఆపే కాగితాన్ని పై వరస కింది వరస మీదికి వచ్చేట్టు పరిచాను. దాని మీద ముందు నిలువు బద్దలు, వాటి మీద అడ్డకర్రలు కొట్టాను. అడ్డకర్రలను నేరుగా గోడకు కొడితే పలకల వెనకకు చేరిన నీరు వాటి మీదే నిలిచిపోతుంది. వెనక నిలువు బద్దలుంటే ఆ సందులోంచి కిందికి జారిపోతుంది, గాలీ ఆడుతుంది. పలకకూ పలకకూ మధ్య అర అంగుళం వదిలాను. పలకకు నడుమే, మూడు అంగుళాల ఎడంతో రెండేసి మేకులు కొట్టాను. అవి వేడి జింకులో ముంచి తీసిన, ఒంటి మీద గాట్లున్న మేకులు. బద్ద మేకులను సందులోంచే దింపాను. అడుగు కొసను ఏటవాలుగా కోశాను, చుక్క వెనక్కి పాకకుండా ముందు అంచు నుంచి రాలిపోతుంది. నేలకూ పలకకూ మధ్య 6 అంగుళాలు ఖాళీ ఉంచాను. ఇప్పుడు వానాకాలంలో బద్దల కింద సందులు సన్నబడతాయి, చలికాలంలో వెడల్పవుతాయి. గోడ చీలలేదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, ఎవరైనా నేర్చుకోవచ్చు. నాకు నేర్చుకోవడానికి కష్టమైంది వేరే ఉంది. ఆ రోజు నాన్నగారి మాట ఎందుకు వినలేదు? ఆలోచించి, తప్పని తేల్చుకుని తోసిపుచ్చలేదు. అసలు ఆలోచించలేదు. ఈ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయనకు ప్రతిదీ నేనే చెబుతున్నాను. వాషింగ్ మెషీన్ ఎలా తిప్పాలో, రోడ్డు ఎప్పుడు దాటాలో, దుకాణంలో కార్డు ఎక్కడ పెట్టాలో చెబుతున్నాను. అలా చెప్పిచెప్పి, ఇక్కడ ఆయనకేమీ తెలియదన్న నిర్ణయానికి నాకు తెలియకుండానే వచ్చేశాను. ఆయన నాకు చెప్పగలిగిన విషయం ఒకటి ఎదురైనప్పుడు, అది కూడా నేను నేర్పాల్సిన వాటిలోకే తోసేశాను. ఇక్కడి పద్ధతి వేరు అన్నాను. ఇక్కడి పద్ధతీ మా ఇంటి తలుపు పద్ధతీ ఒకటే. తెలియనిది నాకు. ఆ మాటతో నేను కొట్టిపారేసింది ఆయన జ్ఞానాన్నే కాదు, ఆయన దగ్గర పెరిగి నేను సంపాదించుకున్న నా తెలివిని కూడా.

నాన్నగారు రాజమండ్రి వెళ్ళిపోయాక గోడ సంగతంతా ఫోన్‌లో చెప్పాను. మీ మాట విననందుకు మన్నించమన్నాను. ఆయన ఆ సంగతి ఎత్తనివ్వలేదు. "ఈసారి మేకు ఎక్కడ కొట్టావు?" అని అడిగారు. పలక నడుమ అన్నాను. "అంచులు?" అన్నారు. వదిలేశానన్నాను. "మంచి పని చేశావు. వెనక గాలాడుతోందా?" అని అడిగారు. ఆ తర్వాత చాలాసేపు కర్ర గురించే మాట్లాడుకున్నాం. అడితిలో దుంగలు ఎలా పేర్చేవారో, తలుపుకు కర్ర ఎంచేటప్పుడు వడ్రంగి చేవ ఎక్కడ చూసేవాడో చెప్పారు. ఆయన దగ్గర అంత ఉందని నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు కాబట్టి.

నిలువు చెక్కల గోడ వేసుకోవాలనుకునేవాళ్ళకు పని గురించి నేను చెప్పగలిగింది ఇంతే: కర్రను ఆరనివ్వండి, నడుమ పట్టుకుని అంచులు వదలండి, బద్దను ఏ పలకకూ కట్టకండి, కాళ్ళు తడవనివ్వకండి. ఇక అమ్మానాన్నలను ఇక్కడికి తెచ్చుకున్న నా తోటివాళ్ళకు ఒక మాట. వాళ్ళు మన పని దగ్గరికి వచ్చి ఏదైనా అంటే, సరో కాదో తేల్చే ముందు, అది వాళ్ళకు ఎలా తెలిసిందని అడగండి. నేను ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆయన మా వీధి తలుపు పేరెత్తేవారు. ఆ పేరు వింటే చాలు, సుత్తి పక్కన పెట్టి పలకలు నీడకు మోసేవాణ్ణి.